ఆటవిడుపులో దేహభారం

సంక్రాంతి మరునాడు, కనుమ పండుగనాడు, అహోబిల నరసింహస్వామి పారువేటకు బయలుదేరుతాడు. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులను పల్లకిలో ఉంచి, బోయీలు భుజాల మీద మోస్తూ ఆళ్ళగడ్డ చుట్టుపట్ల ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతారు. స్వామి తన పెండ్లికి ఊరూరా జనాన్ని పిలవడానికి వస్తాడని ఆ పల్లెల నమ్మిక. నలభై రోజులకు పైగా ఈ సంచారం సాగుతుంది. అది ముగిశాక ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. తరువాత పల్లకి మళ్ళీ కనుమ వరకు ఆ ఊళ్ళ దారి పట్టదు.

పల్లకి మోయడం ఆట కాదు, సేవ. ఐనా శరీరానికి ఆ భేదం తెలియదు. బరువును భుజాన వేసుకొని దినదినమూ నడిచే దేహమూ, పందెం కోసం మైళ్ళకొద్దీ పరుగెత్తే దేహమూ ఒకే తీరున ఇంధనాన్ని ఖర్చు చేస్తాయి. శ్రమకు ఒక ఋతువు ఉన్నట్లే విడుపుకూ ఒక ఋతువు ఉన్నది. ఆ విడుపులో దేహభారం ఎందుకు మారుతుంది, ఎంత మారితే సహజం, దానిని అదుపులో ఉంచుకొనేది ఎట్లా అన్నవి నేడు నంద్యాల మైదానాలలో పరుగు సాధన చేసే యువకుల ప్రశ్నలు కూడా. పోలీసు కొలువుకు 1600 మీటర్ల పరుగు పరీక్ష ఉన్నది. సైన్యంలో చేరడానికీ పరుగే తొలి గడప. నెలల తరబడి తెల్లవారుజామున పరుగెత్తిన కుర్రవాడు పరీక్ష ముగిసిన మరునాడు బూట్లు మూలన పడవేస్తాడు. నెల తిరిగేసరికి త్రాసు మీది అంకె పెరిగి ఉంటుంది. దానిని చూచి బెదిరి ఉపవాసాలకు దిగేవారు కొందరు. పెరిగిందిలే, ఇక చేసేదేమున్నదని వదలివేసేవారు మరికొందరు. ఇద్దరూ పొరబడేది ఆ అంకెకు అర్థం చెప్పుకోవడంలోనే. ఆ అర్థం తేల్చడానికి శాస్త్రానికి రెండు వందల సంవత్సరాలు పట్టినది.

ఈ కథకు మొదలు పారిస్ నగరంలో కనబడుతుంది. 1789, 1790 ప్రాంతంలో లవోయిజియే అనే రసాయన శాస్త్రజ్ఞుడు తన సహచరుడు సెగ్వెన్ ముఖానికి తొడుగు తగిలించి, అతడు పీల్చే ఆమ్లజనిని కొలిచాడు. ఊరక కూర్చున్నప్పుడు ఒక లెక్క వచ్చినది. కాలితో యంత్రాన్ని తొక్కుతున్నప్పుడు ఆ లెక్క బాగా పెరిగినది. అంటే మన దేహంలో ఒక నిదానమైన దహనం జరుగుతున్నది. పని పెరిగితే మంట పెరుగుతుంది. లవోయిజియే ఇక్కడితో ఆగలేదు. కష్టపడే పేదవాడి దేహం ఎక్కువ ఖర్చవుతున్నది, అతనికే తిండి తక్కువ; కష్టం లేని ధనవంతునికి తిండి ఎక్కువ, ఇదెక్కడి న్యాయం అని ఆ శాస్త్రపత్రంలోనే ప్రశ్న వేశాడు. పన్ను వసూలు సంస్థలో భాగస్వామిగా ఉన్నందుకు విప్లవకాలంలో, 1794లో, ఆయన తల తీశారు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం బ్రతికి మన జిల్లా దాకా వచ్చినది. ఆ సంగతి కొంచెం తరువాత.

పందెగాళ్ళ దేహభారాన్ని వ్రాసిపెట్టిన పాత లెక్కలలో కెప్టెన్ బార్‌క్లేది పేరుపడినది. 1809 జూన్ 1న మొదలుపెట్టి, ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో, ఆయన గంటకొక మైలు చొప్పున వేయి గంటలు వేయి మైళ్ళు నడిచాడు. వేయి గంటలంటే దాదాపు 42 రోజులు. పారువేట కాలానికి ఇంచుమించు సరిపోతుంది. మొదట ఆయన బరువు 186 పౌనులు. నడక ముగిసేసరికి 154. అనగా పద్నాలుగున్నర కిలోలు కరిగిపోయినవి. బాగా తింటూనే ఇంత బరువు కోల్పోవడానికి నడక ఒక్కటే కారణం కాదు. గంట గంటకూ లేవవలసి వచ్చినందువల్ల నిద్ర కూడా చెదిరిపోయినది.

కరిగినది ఏమిటి? కండ కరిగి పనిగా మారుతుందని ఆ కాలపు పండితుల నమ్మకం. 1865లో ఫిక్, విస్లిసేనుస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మాంసకృత్తులు లేని తిండి తిని స్విట్జర్లాండులోని ఫౌల్‌హార్న్ శిఖరం ఎక్కారు. తమ మూత్రంలోని నత్రజనిని బట్టి ఎంత మాంసకృత్తు ఖర్చయినదో లెక్క కట్టారు. ఆ మాంసకృత్తు ఇవ్వగల శక్తి కొండ ఎక్కడానికి ఏమాత్రం చాలదని తేలినది. కనుక ప్రధాన ఇంధనం పిండిపదార్థాలు, క్రొవ్వు అయి ఉండాలి. 1870లో ఆస్టిన్ ఫ్లింట్ అనే అమెరికన్ వైద్యుడు వెస్టన్ అనే పేరుమోసిన నడకగానిని పదిహేను రోజులు పరీక్షించాడు: నడకకు ముందు ఐదు రోజులు, నడిచిన ఐదు రోజులు, నడక ముగిశాక మరి ఐదు రోజులు. తిన్న ప్రతి ముద్దనూ, విసర్జించిన ప్రతిదానినీ తూచాడు. విడుపు కాలాన్ని కూడా ప్రయోగంలో భాగం చేసిన తొలి పరిశీలనలలో ఇది ఒకటి. కండల గురించి ఫ్లింట్ చేసిన తీర్మానం తరువాత నిలవలేదు. పద్ధతి మాత్రం నిలిచినది.

శ్రమకూ తిండికీ గల లెక్క మన ప్రాంతంలో ఆటల కోసం పుట్టలేదు. అది ఆకలిలో పుట్టినది. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని కాల్చిన కరువులో కర్నూలు జిల్లా మిక్కిలి దెబ్బతిన్నది. నంద్యాల, ఆళ్ళగడ్డ అప్పుడు ఆ జిల్లాలోనివే. నంద్యాల జిల్లా ఏర్పడినది 2022లో. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగోవంతు తరిగిపోయినది. కరువు పనులు పెట్టి ప్రభుత్వం కూలి ఇచ్చింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, ఖర్చు తగ్గించాలని, మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం వెల, దాని పైన ఒక అణా చాలునని నిర్ణయించాడు. ఆ కూలితో రోజంతా రాళ్ళు కొట్టాలి, మట్టి మోయాలి. మద్రాసు ప్రభుత్వపు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించాడు. జైలులో ఖైదీకి ఇచ్చే తిండి కూడా దీనికంటె మెరుగని చూపాడు. ఊరక కూర్చున్నవానికి సరిపోయే తిండి వేరు, పనిచేసేవానికి సరిపోయే తిండి వేరు, ఈ రెంటినీ కలపరాదని ఆయన వాదం. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే ఆ కూలితో పనిచేసిన దేహాలు ఎన్ని రాలిపోయినవో!

కార్నిష్ చేతిలో కేలరీల పట్టిక లేదు. ఆ పట్టికలు తరువాత వచ్చినవి. అమెరికాలో అట్‌వాటర్ 1890లలో మనిషి పట్టేంత ఉష్ణమాపక గదిని కట్టించి, తిన్నదానికీ దేహం వెలువరించిన వేడికీ లెక్క సరిపోవడం చూపాడు. మన దేశంలో కూనూరు పరిశోధనాలయంలో అయిక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారపదార్థాల విలువలను ప్రకటించాడు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది. వంద గ్రాముల జొన్నలలో 349 కేలరీలు ఉన్నవని మన పట్టికలు చెబుతాయి. ఆహారశాస్త్రంలో కేలరీ అన్నప్పుడు కిలోకేలరీ అనే అర్థం. ఒక పౌను అంటే 453 గ్రాములు. ధాన్యం వరకే లెక్కిస్తే టెంపుల్ కూలి విలువ సుమారు 1580 కేలరీలు.

ఈ అంకెను గుర్తుంచుకొని 1945కు రావాలి. ఆ సంవత్సరం అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్, యుద్ధం చేయడానికి అంతరాత్మ ఒప్పక సేవకు ముందుకు వచ్చిన 36 మంది యువకులకు 24 వారాలు అరకొర తిండి పెట్టాడు. రోజుకు దాదాపు 1570 కేలరీలు. వారానికి 22 మైళ్ళ నడక తప్పనిసరి. వారి బరువులో దాదాపు నాలుగోవంతు పోయినది. గుండె వేగం తగ్గినది, ఒళ్ళు ఎప్పుడూ చల్లగా ఉండేది, మనసు నిండా తిండి ఆలోచనే. తెలిసిగాని తెలియకగాని కర్నూలు కరువు కూలిని ప్రయోగశాలలో మళ్ళీ జరిపినట్లే అయినది. భేదమల్లా వారికి వైద్యులు కాపలా ఉన్నారు, గడువూ తెలుసు.

క్రీడాకారునికి ఈ ప్రయోగంలోని రెండవ సగం ముఖ్యం. కట్టడి ఎత్తివేశాక ఆ యువకులు కడుపు నిండినా ఆకలి తీరక తిన్నారు. పోయిన బరువు తిరిగివచ్చినది. కొందరిలో మొదటి బరువును దాటినది. ముందు తిరిగి చేరినది క్రొవ్వు, కండ వెనుక మెల్లగా వచ్చినది. విడుపులో బరువు పెరిగినదని ఒక్కసారిగా కడుపు కాల్చుకొనే పరుగుగాడు ఇదే దారిన పోతాడు. తిండి బాగా తగ్గితే దేహం తన ఖర్చునూ తగ్గించుకొంటుంది. ఎముకలు, రక్తం, ఆడపిల్లలలో ఋతుక్రమం దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ దుస్థితికి ఒక పేరు పెట్టి, క్రీడాకారులను, శిక్షకులను హెచ్చరించింది.

మరి విడుపులో ఆకలి తనంతట తాను తగ్గదా? పని తగ్గితే ఆకలీ తగ్గాలి గదా అని ఎవరికైనా తోస్తుంది. దీనికి జవాబు మన దేశంలోనే దొరికినది. కలకత్తాకు సమీపాన చెంగైల్‌లోని జనపనార మిల్లులో జీన్ మేయర్, పూర్ణిమా రాయ్, కామాఖ్యప్రసాద్ మిత్ర 213 మంది పురుషులను పరిశీలించి 1956లో ఫలితాలు ప్రకటించారు. ఒకే మిల్లులో రోజంతా కూర్చొనే అంగడివారు, గుమాస్తాలు ఉన్నారు. బేళ్ళు మోసే కూలీలు ఉన్నారు. తేలికపని నుంచి బరువుపని దాకా చూస్తే, పని పెరిగినకొద్దీ తిండి పెరిగినది, దేహభారం మాత్రం మారలేదు. ఆకలి అక్కడ నమ్మకమైన కొలమానంగా పనిచేసినది. కాని బొత్తిగా కూర్చొనేవారి దగ్గర ఆ కొలమానం తప్పినది. వారు తేలికపని వారికంటె ఎక్కువ తిన్నారు, బరువూ ఎక్కువ ఉన్నారు. కొంత కదలిక ఉన్నంతవరకే ఆకలి లెక్క తప్పకుండా ఉంటుందన్నమాట. ఇది వేరువేరు మనుషులను పోల్చిన పరిశీలన గనుక ఒక్కదానినే పట్టుకొని శాసనం చేయరాదు. ఐతే తరువాతి పరిశోధనలు చాలావరకు ఇదే వైపు మొగ్గినవి. నడకకూ కుర్చీకీ మధ్య ఉన్న ఆ గీతే విడుపు కాలంలో దాటకూడని గీత.

నంద్యాల దగ్గర కర్నూలు–కడప కాలువ గట్టున రోజుకు 12 కిలోమీటర్లు పరుగెత్తే 55 కిలోల కుర్రవాని సంగతి లెక్క వేద్దాం. కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చు. 12ను 55తో గుణిస్తే 660 కేలరీలు. 60 గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టెలో సుమారు 210. అంటే పరుగు ఆ కుర్రవాని చేత మూడు రొట్టెలు అదనంగా తినిపిస్తున్నది. పరుగు ఆగి, ఆ మూడు రొట్టెలు ఆగకపోతే, కిలో క్రొవ్వుకు 7700 కేలరీల చొప్పున పన్నెండు రోజులకొక కిలో చేరాలి. నిజానికి అంత వేగంగా చేరదు. ఆకలి కొంత తగ్గుతుంది, పెరిగిన దేహాన్ని మోయడానికి కొంత ఖర్చు పెరుగుతుంది. ఐనా దిశ అదే. పైగా ఇక్కడ విడుపు వేసవిలో పడుతుంది. పెండ్లిళ్ళు, బక్ష్యాలు, పక్కనే బనగానపల్లె మామిడి! ఎండకు ఆకలి మందగించినా తీపి నీళ్ళ రూపంలో లోపలికి పోతూనే ఉంటుంది. మజ్జిగకు బదులు చక్కెర పానీయం త్రాగేవాడు తిండి తగ్గించానని అనుకొంటూనే బరువు పెరుగుతాడు.

ఐతే మొదటి వారంలో కనబడే పెరుగుదల ఈ కోవలోనిది కాదు. దాని రహస్యం స్వీడన్‌లో బయటపడినది. 1966లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు వైద్యులు ఒకే వ్యాయామ సైకిలుకు చెరొకవైపు కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క కాలితో అలసిపోయేదాకా తొక్కారు. తరువాత మూడు రోజులు పిండిపదార్థాలు తింటూ, సన్నని సూదితో రెండు తొడల నుంచీ కండ ముక్కలు తీసి చూచారు. పనిచేసిన కాలిలో గ్లైకోజన్ అనే పిండిపదార్థపు నిలువ, విశ్రాంతిగా ఉన్న కాలితో పోలిస్తే దాదాపు రెండింతలైనది. తమ తొడలనే ప్రయోగశాలగా చేసుకొన్న ఇద్దరి చిత్రం పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు బాగా పట్టుబడుతుంది. ఈ గ్లైకోజన్ ఒంటరిగా నిలువ ఉండదు. ప్రతి గ్రాముతోనూ మూడు, నాలుగు గ్రాముల నీరు చేరుతుంది. సాధనలో సగం ఖాళీగా ఉన్న కండరాలు విశ్రాంతిలో 250 గ్రాముల గ్లైకోజన్ నింపుకొంటే, నీటితో కలిపి త్రాసు మీద కిలోకు పైగా తేలుతుంది. ఇది రెండు మూడు రోజుల పని. ఈ కిలోను చూచి పస్తులుండే కుర్రవాడు, తర్వాతి సాధనకు దేహం సిద్ధం చేసుకొన్న ఇంధనాన్నే ఖాళీ చేస్తున్నాడు. వేసవిలో దీనికి ఎదురు పొరబాటూ ఉన్నది. లీటరు చెమట పోతే కిలో తగ్గుతుంది. ఒక చెంబెడు నీళ్ళు త్రాగితే అందులో సగమో పావో అప్పుడే తిరిగివస్తుంది.

త్రాసు చేసే మరొక మోసం నిదానమైనది. విడుపు నెలలలో కండ కొంత తగ్గి, క్రొవ్వు కొంత పెరిగితే మొత్తం బరువు కదలదు. అంకె నిలకడగా ఉన్నదని సంతోషించేవాని నడుము పట్టీ మాత్రం బిగుసుకొంటుంది. లోపల గుండె, రక్తం కూడా మారుతుంటాయి. ఎడ్వర్డ్ కాయిల్, ఆయన సహచరులు 1984లో ప్రకటించిన పరిశీలనలో, ఏళ్ళ తరబడి సాధన చేసినవారు పూర్తిగా మానివేస్తే, గరిష్ఠంగా ఆమ్లజనిని వాడుకొనే శక్తి మొదటి మూడు వారాలలో 7 శాతం, ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గినది. మరి మానకుండా తగ్గిస్తే? రాబర్ట్ హిక్సన్ 1981లో దీనికి ఆశాజనకమైన జవాబు చెప్పాడు. పది వారాలపాటు వారానికి ఆరు రోజులు సాధన చేసినవారు తరువాత నాలుగు రోజులకు, లేదా రెండే రోజులకు తగ్గించి, ఆ రోజులలో వేగం, తీవ్రత మాత్రం తగ్గించకుండా పదిహేను వారాలు గడిపారు. సంపాదించిన శక్తి దాదాపు చెక్కుచెదరలేదు.

పూర్తిగా వదలి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కరిగిద్దామని అనుకొనేవారు చాలామంది. 1997లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన యాన్ ఉల్‌రిక్, చలికాలపు విడుపులో బరువెక్కి, వసంతంలో దానిని దించుకోవడానికి పడిన పాట్లు యూరపు పత్రికలు ఏటేటా వ్రాసినవే. 1998లో ఆయనకు రెండవ స్థానం దక్కినది. దానికి బరువే కారణమని చెప్పలేము గాని, సాధనకు వాడవలసిన వారాలు బరువు దించడానికి పోయినవన్నది స్పష్టం. అమెరికాలో పాల్ విలియమ్స్ వేలాది పరుగుగాళ్ళను సంవత్సరాల తరబడి అనుసరించి, 2008లో ఒక విచిత్రమైన అసమానతను చూపాడు. పరుగు దూరం బాగా తక్కువ స్థాయికి తగ్గినప్పుడు పెరిగే బరువు, అంతే దూరం తిరిగి పెంచినప్పుడు తగ్గే బరువుకంటె ఎక్కువ. మగవారిలో వారానికి 32 కిలోమీటర్లకు పైన, ఆడవారిలో 16 కిలోమీటర్లకు పైన మాత్రం రాకపోకల లెక్క సరిపోయినది. చెంగైల్ మిల్లులో కనబడిన గీతకు ఇది దగ్గరి చుట్టం.

కాలువ గట్టు కుర్రవాడు ఈ లెక్కలను తన విడుపుకు ఇట్లా అన్వయించుకోవచ్చు. వారానికి 72 కిలోమీటర్లు పరుగెత్తేవాడు సున్నాకు దిగకుండా, రెండు మూడు వారాలలో 35 దగ్గరకు దిగితే చాలు. అందులో రెండు ఉదయాలు వేగం తగ్గనీయకూడదు. దూరం సగమైనప్పుడు రొట్టెలలో ఒకటో, ఒకటిన్నరో తగ్గుతుంది. పప్పు, పెరుగు, గ్రుడ్లు, ఆకుకూరలు తగ్గించవలసినవి కావు, ఎందుకంటే కండను నిలిపేవి అవే. విడుపులో కిలో, కిలోన్నర పెరగడం ఆరోగ్యవంతుని దేహానికి తప్పేమీ కాదు. పందెపు రోజున ఉండే బరువు ఏడాది పొడుగునా మోయవలసిన బరువు కాదు.

బడిలో ఉపాధ్యాయులు దీనిని సులభంగా చేసి చూపవచ్చు. పరుగు జట్టులోని విద్యార్థి తన నోటు పుస్తకంలో వారానికి ఒక్కసారి, ఒకే రోజున, ప్రొద్దున మలమూత్ర విసర్జన అయిన తరువాత, తిండికి ముందు బరువు వ్రాసుకోవాలి. పక్కనే టేపుతో కొలిచిన నడుము కొలత, ఆ వారం పరుగెత్తిన కిలోమీటర్లు ఉండాలి. పరుగు ఆగిన మొదటి వారపు అంకెకు ఒక గీత గీసి, 'నీరు' అని వ్రాసి వదలివేయాలి. చూడవలసినది మూడవ వారం నుంచి. అప్పటి నుంచి నాలుగు వారాల అంకెలు వరుసగా పైకి పోతూ, నడుము కూడా వాటితోపాటు కదిలితే ఒక రొట్టె తగ్గించి, సాయంత్రం ఒక అరగంట నడక కలిపి, మరి నాలుగు వారాలు ఆగి చూడాలి.